అత్తగారి బరువు, నా నడుము

మొన్న మోకాలు పట్టేసిందని విజయనగరంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే, లోపలికి పంపే ముందు అక్కడి నర్సమ్మ నన్ను బరువు చూసే మెషిన్ ఎక్కించి, ఎర్రటి అంకెలూ నా పాత చీటీలో బరువూ చూసి, అరవై రెండు, మీ వయసులో ఇంత చక్కగా ఉన్నవాళ్ళు మాకు అరుదుగా కనిపిస్తారమ్మా, ఎలా తగ్గారో కాస్త మిగతావాళ్ళకి కూడా చెప్పండి అని మెచ్చుకుంది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆశగా తలెత్తి చూశారు. నడక, అని ఒక్క మాట చెప్పి నేను తప్పుకున్నాను. చెప్పాలంటే చాలా ఉంది, అదీ చెప్పుకుని గర్వపడే సంగతి కాదు. చీపురుపల్లికి తిరిగొచ్చే పాసింజరు బండిలో కూర్చున్నంతసేపూ ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇంటికొచ్చాక కూడా మనసు కుదుటపడక, పోనీ ఒకసారి రాసేస్తే పోతుందేమోనని ఇలా కూర్చున్నాను.

మాది చీపురుపల్లి బజారులో కిరాణా హోల్‌సేలు వ్యాపారం. పాతకాలపు షావుకార్ల ఇళ్ళు ఎరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధివైపు కొట్టు, దాని వెనక మేముండే గదులు, ఆ వెనక వంటిల్లు, పెరడు, అన్నిటికీ ఆఖర్న గొడౌను, వీటన్నిటినీ కలుపుతూ రైలుపెట్టెలో దారిలాంటి ఒక నడవా. బస్తాలు మోసే కళాసీలూ, చుట్టాలూ, మా పిల్లలూ, పిల్లలకి పాఠాలు చెప్పే మాస్టారూ అందరూ ఆ నడవాలోంచే రావాలి, పోవాలి. నౌపడలో ఉప్పు వ్యాపారం చేసే మా నాన్న నన్ను ఆ ఇంటికి కోడలిగా పంపిన ఏడాది నా బరువు నలభై ఆరు కిలోలు. ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటారేమో, మా ఇంటి ఆచారం అటువంటిది. దసరాకి కాటాకి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, మొదటి తూకం సరుకుది కాదు, ఇంట్లో మనుషులది. చిన్నవాళ్ళ దగ్గర్నుంచి పెద్దవాళ్ళ దాకా ఒక్కొక్కరే కాటా ఎక్కాలి, ఇంటి యజమాని బరువు పైకి చదవాలి, గొడౌను తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాయాలి. నిరుటికంటే పెరిగితే సంతోషం. కోడలు పెరిగితే అత్తగారికి మరీ సంతోషం, ఆ ఇంట్లో తిండికి లోటు లేదని ఊరికి తెలుస్తుంది కదా. ఆ లెక్కన మా అత్తగారిని నేను ముప్పై ఏళ్ళపాటు ఏ ఏటికాయేడు సంతోషపెడుతూనే వచ్చాను.

నడుం నొప్పి రెండో కాన్పు తరవాత మొదలైంది. మన ఈడు ఆడవాళ్ళకి నడుం నొప్పంటే రోగం కాదు, ఇంట్లో ఓ మూల కూర్చుని ఉండే ముసలి చుట్టం, ఉన్నట్టే ఉంటుంది, వెళ్ళమనలేం. మొదట వంగి ముగ్గు వెయ్యడం మానేశాను, తరవాత రుబ్బురోలు మానేశాను, ఆ తరవాత నేల మీద పీట వేసుకుని తినడం. పొద్దున్న లేవాలంటే ముందు పక్కకి ఒత్తిగిలి, మోచెయ్యి ఆనించి, కాళ్ళు కిందికి దించి, ఓ నిమిషం అలాగే కూర్చుని, అప్పుడు గోడ పట్టుకుని నిలబడాలి. కాపడాలూ, నూనెలూ, బెల్టూ, మాత్రలూ అన్నీ అయ్యాయి. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే బాగున్నానని చెప్పడం అలవాటైంది, ఎందుకంటే నొప్పి అని చెప్తే వాళ్ళు కూడా తమ నొప్పి చెప్తారు, ఇద్దరం అలిసిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

రాష్ట్రం రెండుగా విడిపోయిందే, దానికి ముందటి కార్తీకమాసంలో మా అత్తగారు పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. వయసూ గుండే చూసి ఆపరేషను వద్దన్నారు, ఇక లేచి నడవరని కూడా చెప్పేశారు. ఆవిడ మామూలు మనిషి కాదు. మావయ్యగారు చిన్న వయసులోనే పోతే, పిల్లల్ని వెనకాల కూర్చోబెట్టుకుని, కొట్లో గద్దె మీద కూర్చుని తూకం వేసిన మనిషి. బుర్ర పాదరసం, నోరు అంతకంటే. మంచం పట్టినా నడవా పక్క గదిలో తలుపుకెదురుగా మంచం వేయించుకుని, ఏ కళాసీ ఏ బస్తా ఎటు మోస్తున్నాడో అన్నీ చూస్తూ ఉండేవారు. ఆవిడంటే నాకు ప్రాణమని చెప్తే అబద్ధం చెప్పినట్టే. భయం ఉండేది, గౌరవం ఉండేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది.

మంచం మీంచి కమోడు కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల పీట మీదికి, అక్కణ్ణించి మళ్ళీ మంచం మీదికి, రోజుకి ఐదారుసార్లు ఆవిణ్ణి ఎత్తాలి. ఆయాని పెట్టాం, పది రోజులు కూడా నిలవలేదు. పరాయి మనిషి చెయ్యి తన ఒంటిమీద పడడానికి ఆవిడ ఒప్పుకోలేదు. కొడుకు ముట్టుకోవడానికి అసలే ఒప్పుకోలేదు. మిగిలింది ఎనభై నాలుగు కిలోల నేను, నా నడుమూ. సంక్రాంతి నెల వెళ్ళేలోపే ఒక పొద్దున్న ఎత్తుతుండగా నడుములో ఏదో పటుక్కుమని, కుడి కాలంతా నిప్పు పాకినట్టయి, ఆవిడతో సహా మంచం మీదికి కూలిపోయాను. ఇద్దరం అలాగే ఒకరి మీద ఒకరం, కదల్లేక, మావారు కొట్లోంచి వచ్చేదాకా పడి ఉన్నాం.

డిస్కు జరిగిందన్నాడు డాక్టరు. పదిహేను కిలోలు తగ్గాలి, నడవాలి, నడుం కండరాలకి కసరత్తు చెయ్యాలి, లేదంటే ఆపరేషనే, బరువులు మాత్రం అస్సలు ఎత్తకూడదన్నాడు. నేను ఎత్తుతున్న బరువు ఏమిటో ఆయనకి చెప్పలేదు.

ఆ వారమే బరంపురం నుంచి మా ఆడపడుచు వచ్చింది. వంటింట్లో మావారూ ఆవిడా మెల్లగా మాట్లాడుకున్నారు, విశాఖపట్నంలో మంచం పట్టినవాళ్ళని చూసుకునే ఆశ్రమం ఉందనీ, అక్కడ ఎత్తడానికి వంతులవారీగా మనుషులుంటారనీ, వదినకీ ఇబ్బంది ఉండదనీ. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నా మీద జాలితోనే అనుకున్నారు. కానీ వంటింటి గోడకి అవతల ఉన్నది అత్తగారి మంచం. మర్నాడు నేను దుప్పటి సర్దుతుంటే ఆవిడ గోడవైపు చూస్తూ అడిగారు.

"నన్ను ఎక్కడికో పంపేస్తారటేటి?"

అంత గొంతున్న మనిషి అంత చిన్నగా అడగడం నేనెప్పుడూ వినలేదు. నేనుండగా ఎవరు పంపుతారు అత్తయ్యా, ఈ గదిలోంచి మిమ్మల్ని ఎవరూ కదపరు అనేశాను. పంతంతో అన్నానో, జాలితో అన్నానో, ఆడపడుచు చేత అనిపించుకోవడం ఇష్టం లేక అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ వెంటనే తన మామూలు గొంతులోకి వచ్చేశారు.

"ఎన్నాళ్ళెత్తుతావే? నీ నడుం ఇరిగితే ఇద్దరం పక్కపక్కన మంచాలేసుకుని పడుకోవాల. అప్పుడు మనిద్దర్నీ ఎవులెత్తుతారు?"

బరువు తగ్గితే నొప్పి తగ్గుతుందట, తగ్గుతాను అన్నాను. అలా మొదలైంది.

ఆ రోజుల్లో మా బజారులో షావుకారింటి ఆడవాళ్ళు బూట్లేసుకుని రోడ్డు మీద నడిచే అలవాటు లేదు. పైగా అత్తగారిని వదిలి బయటికి వెళ్ళే వీలూ లేదు. అందుకని నడవాలోనే, గొడౌను తలుపు దగ్గర్నుంచి కొట్టు గడప దాకా, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, కింద మా అబ్బాయి పాత బూట్లు తొడుక్కుని నడిచేదాన్ని. నా వేషం చూసి అత్తగారు మొదటిరోజు దగ్గు వచ్చేదాకా నవ్వారు. తరవాత లెక్క తనే చూస్తానన్నారు. మంచం మీద రెండు గిన్నెలు, ఒక దాంట్లో నలభై చింతపిక్కలు, నేను గది ముందునుంచి వెళ్ళిన ప్రతిసారీ ఒక పిక్క ఆ గిన్నెలోంచి ఈ గిన్నెలోకి. నేను మధ్యలో ఆగితే ఊరుకునేవారు కాదు.

"ఒలే, ఇంకా తొమ్మిది పిక్కలున్నాయి. అప్పుడే కూలబడ్డావేటి?"

నడక అయ్యాక ఆవిడ మంచం పక్కనే చాప వేసుకుని, డాక్టరు దగ్గరి కుర్రవాడు నేర్పిన కసరత్తులు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుం పైకి లేపి పది లెక్కపెట్టాలి. చేతులూ మోకాళ్ళ మీద వంగి, పిల్లిలా వీపు పైకి విరవాలి. చదవడానికి హాయిగా ఉంటాయి. నొప్పితో ఉన్న మనిషికి ఒక్కొక్కటీ ఒక్కో యుద్ధం, అదీ గెలిచామో ఓడామో సాయంత్రానికి గాని తెలియని యుద్ధం. కొన్ని రోజులు కసరత్తు చేసినందుకు నొప్పి, కొన్ని రోజులు చెయ్యనందుకు నొప్పి. తిండి కూడా మారింది, నెయ్యీ చేగోడీలూ మానేసి, పొద్దున్న రాగిపిండితో కాచిన చోడి అంబలి, మధ్యాహ్నం చారెడన్నం, రాత్రి రెండు చపాతీలు. అందరికీ ఇంగువ తాలింపు వేసి, ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసి వడ్డించి, నేను మజ్జిగ తాగి లేచేదాన్ని. నీరసం, చిరాకు. కొట్టుకొచ్చిన బేరగాళ్ళు మావారిని చాటుగా అడిగేవారట, ఏమండీ అమ్మగారికి సుగరేనా అని. వ్యాపారస్తుడి పెళ్ళాం చిక్కిపోతే ఊరు ఒక్క కారణంతో సరిపెట్టుకోదు.

అత్తగారు అప్పుడప్పుడే అన్నం తగ్గించడం మొదలుపెట్టారు. మంచం మీద తిండి అరగదే, ఆకలెయ్యదే అనేవారు. నిజమే అనుకున్నాను. వడ్డించింది సగం వెనక్కి వచ్చేది, ఒక్కోసారి కంచం ఖాళీగా వచ్చేది, ఈ రోజు బాగా తిన్నారన్నమాట అనుకునేదాన్ని. కడుపు కాల్చుకుని బతికే మనిషికి తన కంచం తప్ప ఇంకొకరి కంచం కనబడదు. ఆ నెలల్లో నాకు కనబడింది నేనొక్కదాన్నే.

ఇంతకీ ఫలితం కనిపించింది. ఆషాఢం వచ్చేసరికి ఆవిణ్ణి ఎత్తడం తేలికైంది. శ్రావణంలో మరీ తేలికైంది. చంకల కింద చేతులు పెట్టి, డాక్టరు చెప్పినట్టు నడుం వంచకుండా మోకాళ్ళు వంచి లేపితే, ఆవిడ అలా వచ్చేసేవారు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ కాలిలోకి పాకడం మానింది. నాకు ఎంత గర్వం వచ్చిందంటే, కమోడు కుర్చీ అక్కర్లేకుండానే ఒకసారి ఆవిణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకుని పెరటి గడప దాటించాను. చూశారా అత్తయ్యా, మీ కోడలు నడుం ఎంత గట్టిపడిందో అన్నాను.

"గట్టిపడ్డాదే. నాను సూడ్డం లేదేటి," అన్నారు ఆవిడ. ఎంతో తృప్తిగా అన్నారు. ఆ తృప్తి నా గురించే అనుకుని మురిసిపోయాను.

దసరా వచ్చింది. కాటాకి పూజ అయింది. నేను ఎక్కాను. అరవై తొమ్మిది అని మావారు పైకి చదివితే కళాసీలు కూడా చప్పట్లు కొట్టారు, మా ఇంటి చరిత్రలో తగ్గినందుకు సంతోషించడం అదే మొదలు. ఆ హుషారులో మావారు, అమ్మని కూడా తూద్దాం, ఏ ఏడాదీ మానకూడదు అన్నారు. ప్లాస్టిక్ కుర్చీలో అత్తగారిని కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఇద్దరు కళాసీలు కాటా మీద పెట్టారు. వద్దురా, ఎందుకురా అని ఆవిడ గొణుగుతూనే ఉన్నారు. కుర్చీ బరువు తీసేస్తే ముప్పై ఎనిమిది. గొడౌను తలుపు మీద నిరుటి సుద్ద ఇంకా చెరగలేదు, ఆవిడ పేరెదురుగా యాభై ఐదు ఉంది.

మావారు ఏం చేశారో తెలుసా, కాటా చెడిపోయిందన్నారు. ఇరవై కిలోల తూకం రాయి తెప్పించి కాటా మీద పెట్టించారు. సరిగ్గా ఇరవై. ఇంకో రాయి పెట్టించారు. సరిగ్గా నలభై. మూడోసారి కూడా రాయి కోసమే చూస్తున్నారు, పక్కన కుర్చీలో వాళ్ళమ్మ కూర్చుని ఉన్నా ఆవిడ వైపు చూడడం లేదు. తప్పు పట్టడానికి లేదు, పుట్టిన దగ్గర్నుంచీ తూకంలో తేడా వస్తే ముందు కాటాని అనుమానించడమే నేర్చుకున్న మనిషి. నాకు మాత్రం ఆ రెండో రాయి పెట్టినప్పుడే అర్థమైపోయింది. గట్టిపడింది నా నడుం కాదు.

అప్పుడు పెద్ద కళాసీ తలొంచుకుని ముందుకొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా మా బస్తాలు మోసే మనిషి.

"మేం నడవాలోంచి ఎల్తంటే పెద్దమ్మగారు పిలిసి పెట్టేవోరండి. సపాతీలు, అన్నం, లడ్డూలు. కోడలికి సెప్పొద్దనీవోరు. మా మీద పేమనుకున్నానండి."

ఆ సాయంత్రం స్నానం చేయిస్తూ అడిగాను. ముందు కోపంగా అడిగాను, తరవాత ఏడుస్తూ అడిగాను. వీపు రుద్దుతుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి, ఇన్నాళ్ళూ ఇదే చేత్తో రుద్దుతూ నాకెందుకు తెలియలేదో తెలియదు. ఆవిడకి ఇదంతా పెద్ద విషయంలా అనిపించినట్టు లేదు.

"నువ్వు పస్తుండి దిగతన్నావు. నాను గుండులా కూకుంటే ఎలగే? సెరిసగం తగ్గితే పని తొరగా అయిపోతాదనుకున్నాను. మరి అయినాది కాదా?"

ఆశ్రమం మాట ఆవిడ మర్చిపోలేదు. నేను ఇచ్చిన మాట మీద ఆవిడకి నమ్మకం ఉంది, నా నడుం మీదే లేదు. అందుకని ఆ మాట నిలబడడానికి తను చెయ్యగలిగింది తను చేశారు. చేతులతో ఒక్క పని చెయ్యలేని మనిషి, తినడం మానెయ్యడం ఒక్కటే చెయ్యగలదు.

ఆ దసరా వెళ్ళిన పది రోజులకే పెద్ద తుఫాను వచ్చి, కరెంటు లేక, నీళ్ళు లేక, ఊరంతా చీకట్లో ఉంటే, నేను ఆవిడ పక్కన కూర్చుని జావలు తాగించాను. పప్పన్నం మెత్తగా పిసికి, పిల్లలకి పెట్టినట్టు ముద్దలు పెట్టాను. కానీ అన్ని నెలలు ముడుచుకుపోయిన కడుపు మళ్ళీ విచ్చుకోవడానికి ఒప్పుకోలేదు. నాలుగు ముద్దలకే చాలు అనేవారు, బలవంతం చేస్తే వాంతి. మొత్తం మీద చలికాలం వెళ్ళేసరికి ఒకటి రెండు కిలోలు పెరిగారేమో. నాకు తెలిసిపోయింది, ఎందుకంటే కుడి కాలిలోకి మళ్ళీ ఆ నిప్పు పాకడం మొదలైంది. ఆ నొప్పి వచ్చిన రోజు నేను సంతోషించాను, నమ్మండి. ఆవిడకి మాత్రం తెలియనివ్వలేదు. ఎత్తేటప్పుడు పళ్ళు బిగబట్టి, ఎత్తాక మొహం గోడవైపు తిప్పి, రెండు క్షణాలు ఆగి, అప్పుడు మాట్లాడేదాన్ని. చాటుగా మాత్రలు రెట్టింపు చేశాను. నొప్పి ఉందని తెలిస్తే ఆవిడ ముద్ద మింగరు.

రోజూ అడిగేవారు, నడుం ఎలగున్నాదే అని. బాగుందత్తయ్యా అనేదాన్ని. ఆ ఏడు ఎండలు ముదరకముందే, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయారు, ఆ గదిలోనే, ఆ మంచం మీదే. చివరి స్నానానికి ఆడవాళ్ళు నలుగురు పట్టబోతే, ఉండండి, నేను ఎత్తుతాను అన్నాను.

ఇప్పుడు మా ఊళ్ళో కూడా అన్నీ దొరుకుతున్నాయి. మీట నొక్కితే తలవైపు లేచే మంచాలు అద్దెకిస్తున్నారు. ఫోను చేస్తే ఆయాలు వస్తారు, మంచివాళ్ళు, పని తెలిసినవాళ్ళు. తెల్లారితే రైల్వే ప్లాట్‌ఫారం మీద మా బజారు ఆడవాళ్ళు పదిమంది బూట్లేసుకుని కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారు, ఎవరూ వింతగా చూడడం లేదు. దసరాకి కాటా ఎక్కమంటే మా మనవరాలు నలుగురిలో బరువు చదవడమేమిటి నాన్నమ్మా అని నవ్వి తప్పుకుంటుంది, అదీ న్యాయమే. నాకు మంచం పట్టే రోజు వస్తే ఎవరినైనా కుదుర్చుకోమని మా కోడలికి ఇప్పుడే చెప్పి ఉంచాను, నువ్వు మాత్రం ఎత్తకు అన్నాను. ఎవరి నడుమూ ఎవరి కోసమూ విరగక్కర్లేని రోజులు, మంచి రోజులే. అయినా ఇద్దరు మనుషులు ఒకరి బరువు ఒకరు తగ్గించాలని అంత పస్తులుండడం ఇక ముందు ఎవరికీ అర్థం కాదేమో అనుకుంటే ఎందుకో నీరసం వస్తుంది.

ఆవిడ పోయిన తరవాత కూడా నేను నడక మానలేదు, మానాలంటే చేతకాలేదు. అరవై తొమ్మిది అరవై రెండైంది. కాలిలోకి నిప్పు పాకి ఏళ్ళయింది. నీ నడుం పూర్తిగా నయమైపోయిందమ్మా అంటారు డాక్టరుగారు. అయిందేమో. ఎత్తడానికి ఎవరూ లేరు కాబట్టి నొప్పి లేదో, నిజంగా నయమైందో తేల్చుకునే దారి మాత్రం నాకు లేదు.